మెయిలు తెరిచిందెవరు

"మెయిలు తెరిచింది నువ్వే. ఒప్పేసుకుంటే ఓ పనైపోతుంది కదా," అన్నాడు పెద్దకొడుకు. పొద్దుటినుంచి ఆ మాట అనడం అది మూడోసారి.

చిన్నకోడలు తల ఎత్తకుండా పని చేసుకుపోతోంది. ఆమె చేతిలో ప్లాస్టర్ కాలు ఉంది. మోకాలి కింద తెగిపోయిన కాలికి తీసిన అచ్చు. ఇంకా తడి ఆరలేదు. కంప్యూటర్లు ఆగిపోయి రెండు రోజులైనా కాలు కావాలని వచ్చేవాళ్ళు ఆగరు కనుక, ఆమె పాత పద్ధతిలో టేపు పెట్టి కొలుస్తోంది, చేత్తో కాగితం మీద రాసుకుంటోంది.

"నిన్నే."

"వినబడింది బావగారూ. మొన్నటినుంచీ వినబడుతూనే ఉంది. తెరవలేదని మొన్న చెప్పాను, నిన్న చెప్పాను. ఇప్పుడూ అదే చెబుతున్నాను."

"మరి దెయ్యం వచ్చి తెరిచిందా?"

ఆమె భర్త అవతల బల్ల దగ్గర ప్లాస్టిక్ రేకు కోస్తున్నాడు. ఆ మాటకి రంపం ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

కింద వర్క్‌షాపు, పైన ఇల్లు. గోడ పొడుగునా అరల్లో ప్లాస్టర్ కాళ్ళు, చేతులు వరసగా నిలబడి ఉంటాయి. కిటికీ పక్క బల్లమీద రెండు కంప్యూటర్లు. ఒకటి మెయిళ్ళకీ, మనుషుల వివరాలకీ. ఇంకోటి అచ్చు చెక్కే మిషనుకి. ఇప్పుడు రెండిటి తెరలూ ఎర్రగా ఉన్నాయి. మీ ఫైళ్ళన్నీ మా తాళంలో ఉన్నాయి, తాళం కావాలంటే మాకు రాయండి, అని తెల్లటి అక్షరాలు. పద్నాలుగేళ్ళ కొలతలు, తెగిన కాళ్ళ ఫొటోలు, ఎవరికి ఎక్కడ ఒరుసుకుంటుందో రాసుకున్న వివరాలు, అన్నీ ఆ ఎరుపు వెనకాల ఉండిపోయాయి.

మరమ్మతుకి వచ్చిన కంప్యూటరావిడ గంటసేపటినుంచీ ఆ రెండిటి మధ్యా కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు, ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలు. ఇంటిగొడవలు చెవిన పడనట్టే పనిచేసుకుంటోంది.

"సార్, ఈ సిస్టమ్ చివరిసారి అప్‌డేట్ చేసిందెప్పుడు?" అంది.

"బాగానే పనిచేస్తోంది కదండీ."

"పనిచేస్తోందా అని అడగలేదు. ఎప్పుడు చేశారని అడిగాను."

పెద్దకొడుకు మరదలి వైపు చూశాడు, తప్పు అక్కడ రాసి ఉన్నట్టు.

"చెయ్యలేదు," అంది చిన్నకోడలు. "నిరుడు నేను అడిగాను. దీన్ని తయారుచేసిన కంపెనీయే కొత్త రక్షణలు పంపడం మానేసి నాలుగేళ్ళయింది, మార్చేద్దాం అన్నాను. మారిస్తే మిషను సాఫ్ట్‌వేర్ నడవదు, కెలక్కండి అన్నారు."

"నేనన్నది మిషను గురించి."

"మెయిలు కంప్యూటర్ గురించీ అదే అన్నారు. అందులో రోజూ పొద్దున్నే ఒక పెట్టె వచ్చేది. అప్‌డేట్ చెయ్యమంటారా, తర్వాతా, అని. మీరు 'తర్వాత' నొక్కేవారు. కాఫీ తాగుతూ నొక్కేవారు."

"చూశారా మేడమ్. ఇదీ వరస. మెయిలు తెరిచింది తను, బోనెక్కించేది నన్ను."

కంప్యూటరావిడ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "రెండూ కారణాలే సార్. దొంగ వచ్చింది మెయిల్లోంచి. వచ్చాక ఇంత సులువుగా ఇల్లంతా తిరిగాడంటే గడియలు పుచ్చిపోయి ఉండబట్టి. సరే, కాపీలు పెట్టుకున్న డిస్క్ ఏదీ?"

పెద్దకొడుకు బల్ల కిందకి వేలు చూపించాడు. చిన్న నల్లపెట్టె. దాని వైరు కంప్యూటర్‌కే తగిలించి ఉంది.

"ఇది ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?"

"మాటిమాటికీ పీకి పెట్టడం ఎందుకని."

ఆవిడ కిందకి వంగింది. డిస్క్ పీకి, తన చిన్న కంప్యూటర్‌కి పెట్టి చూసి, తల అడ్డంగా ఊపి బల్లమీద పెట్టేసింది. అందులోవీ పోయాయి.

రంపం చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

"ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి," అంది ఆవిడ. "వాళ్ళకి జవాబు రాయొద్దు. డబ్బు పంపొద్దు. పంపినా తాళం ఇస్తారని నమ్మకం లేదు. పోలీసులకి రాసివ్వండి. ఈ రెండూ నెట్‌కి తగిలించొద్దు. అన్నిటికన్నా ముందు మీ దగ్గరికొచ్చే ప్రతి ఒక్కరికీ ఫోన్ చెయ్యండి. ఆ మెయిలు పాస్‌వర్డ్ కూడా అడిగింది, మీవాళ్ళు ఇచ్చారు. అంటే మీ పేరుతో ఇప్పుడు వాళ్ళు ఎవరికైనా రాయగలరు. పాస్‌వర్డ్ నేను మార్చేశాను. కానీ ఈ రెండు రోజుల్లో పంపినవి పంపినవే."

"ఫోన్ చేసి ఏం చెప్పమంటారు?"

"ఉన్నదే. మా మెయిలు దొంగల చేతిలో పడింది, మా పేరుతో ఏమొచ్చినా తెరవకండి, అని."

"బాగుంది. నలభై ఏళ్ళ షాపు. ఒక్కరికి చెబితే సాయంత్రానికి పదిమందికి తెలుస్తుంది. మా కాళ్ళ ఫొటోలు పోగొట్టారా అని ఒక్కొక్కరూ గుమ్మంలోకొస్తారు. అవేం అక్కర్లేదు. మీరు మిషను సంగతి చూడండి చాలు."

"మీ ఇష్టం. నేను చెప్పానని గుర్తుంచుకోండి." ఆవిడ సామాను సర్దుకోవడం మొదలుపెట్టింది. అంతలో ఏదో జ్ఞాపకం వచ్చినట్టు ఆగింది. "అన్నట్టు, ఆ మెయిలు తెరిచింది బుధవారం పొద్దున పది గంటల పన్నెండు నిమిషాలకి. ఫోన్లోంచి కాదు. ఇదిగో, ఈ కుర్చీలోంచే."

చిన్నకోడలు అచ్చుని బల్లమీద మెల్లిగా దించింది.

బుధవారం పొద్దున తొమ్మిదికే ఆమే, భర్తా ఆసుపత్రికి వెళ్ళారు, ఒకతనికి కొత్త కాలు తొడిగి నడిపించడానికి. తిరిగొచ్చేసరికి పన్నెండు దాటింది. "బావగారూ, ఆ టైముకి మేమిద్దరం ఆసుపత్రిలో ఉన్నాం. మీరు రేకులు తేవడానికి వెళ్ళారు."

"ఆవిడ గడియారం తప్పేమో."

"నా గడియారం తప్పదు సార్," అంది కంప్యూటరావిడ, సంచీ భుజాన వేసుకుంటూ.

"అయితే వెళ్ళేముందు నువ్వే ఏదో నొక్కి ఉంటావు. అది పదింటికి తెరుచుకుంది," అన్నాడు పెద్దకొడుకు. దానికి కంప్యూటరావిడ నవ్వను కూడా నవ్వలేదు. గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

అత్తగారు అప్పటికే టీ కప్పు పట్టుకుని మెట్లు దిగుతోంది. పదీ పన్నెండు అన్న మాట ఆవిడ చెవిన పడినట్టుంది. చివరి మెట్టు మీద నిలబడిపోయింది. కప్పు ఎవరికీ ఇవ్వలేదు. అలాగే పట్టుకుని వెనక్కి తిరిగి పైకెక్కింది.

చిన్నకోడలు చేతులు కడుక్కుని ఆవిడ వెనకాలే వెళ్ళింది.

వంటింట్లో అత్తగారు ఆ టీని సింకులో పారబోస్తోంది.

"మావయ్యగారేనా అత్తయ్యా?"

"ఏది?"

"మీకు తెలుసు ఏదో."

అత్తగారు కప్పు కడిగింది. కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది. "తలుపు దగ్గరికి వెయ్యి," అంది.

చిన్నకోడలు తలుపు వేసింది.

"నువ్వు చిన్నదానివి. నాలుగు మాటలు పడ్డంత మాత్రాన అరిగిపోవు. ఆయన సంగతి అలా కాదు. చేతులు వణుకుతున్నాయని పనిబల్ల దగ్గర్నుంచి లేపేశాడు పెద్దాడు. మూడేళ్ళయింది. పొద్దున్నే కిందకి దిగి ఆ కుర్చీలో కాసేపు కూర్చోవడం ఒక్కటే మిగిలింది ఆయనకి. ఈ మాట పెద్దాడికి తెలిస్తే అదీ ఉండదు."

"నాలుగు మాటలా అత్తయ్యా? దొంగని చూసినట్టు చూస్తున్నారు నన్ను. మీరు ఎదురుగా కూర్చుని వడ్డించారు."

"చూశాను. నాకేం కళ్ళు పోలేదు."

"మరి?"

"మరేం లేదు. ఈ ఇంటికొచ్చిన ఐదేళ్ళలో నిన్ను నేను ఏదీ అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను. నోరు మూసుకో."

ఆవిడ గొంతు పెంచలేదు. కూరగాయల కత్తి తీసుకుని ఉల్లిపాయ మీద పెట్టింది. మాట అయిపోయిందని దానర్థం.

పెద్దాయన గది వరండా చివర ఉంది. తలుపు తీసే ఉంది. ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కుర్చీ వీపుకి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేలాడుతోంది. కోడల్ని చూడగానే ఆయన కళ్ళు చొక్కా మీదకి వెళ్ళాయి, వెంటనే కిందకి దిగాయి.

ఆమె కూర్చోలేదు.

"సన్మానం అన్నారమ్మా," అన్నాడు ఆయనే ముందు. "నలభై ఏళ్ళు మనుషుల్ని నడిపించిన చేతులకి సన్మానం, అని రాశారు. గురువుగారూ అని రాశారు. నేను పెట్టిన మొదటి కాలు ఏ ఏడాదో కూడా రాశారు."

"అది మన షాపు బోర్డు మీదే ఉంది మావయ్యగారూ. రోడ్డున పోయేవాడెవడైనా చదువుకోవచ్చు."

ఆయన తల ఊపాడు. ఆ సంగతి ఆయనకి ఈ రెండు రోజుల్లో తట్టే ఉంటుంది. "నాలుగుసార్లు చదివాను. కింద ఫారం ఉంది, తెరవమన్నారు. తెరిచాను. మీరే అని రుజువు కావాలి, పాస్‌వర్డ్ కొట్టండి అన్నారు. మన షాపు పేరూ, పెట్టిన సంవత్సరమే కదా అది. ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాను. నా షాపే కదా అనుకున్నాను."

"సాయంత్రం తెరలు ఎర్రబడ్డప్పుడు మీకు తెలియలేదా?"

"తెలిసింది."

"నన్నన్నారు. మీరు అక్కడే ఉన్నారు."

పెద్దాయన రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు, వణుకు కనబడకుండా. "వాడు నీ పేరు చెప్పగానే, నిజం చెప్పొద్దూ, గుండెల మీంచి బండ దించినట్టయింది. అప్పుడు నోరు పెగల్లేదు. తర్వాత ఇంకా కష్టమైపోయింది."

కోపం వస్తే దులిపెయ్యడానికి చిన్నకోడలికి మాటలు తక్కువేం కాదు. కానీ ఈ మనిషే ఆమెకి పని నేర్పాడు. కాలు కొలిచేముందు ఆ కాలుగలవాడి మొహం చూడమ్మా, మొహం చెప్పేది టేపు చెప్పదు, అని నేర్పాడు. ఇప్పుడు ఆ మొహం చూస్తుంటే ఆమెకి జాలేసింది. జాలేసినందుకు ఇంకా మండిపోయింది.

"భోజనాల దగ్గర చెబుతాను. నేనే చెబుతాను," అన్నాడాయన.

"చెప్పండి. నేను మాత్రం చెప్పను," అంది ఆమె.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు.

"ఇవాళ్టినుంచి కంప్యూటర్ల జోలికి ఎవరూ రావద్దు," అన్నాడు పెద్దకొడుకు, పళ్ళెంలోకి చూస్తూ. "ఎవరూ అంటే ఎవరో వాళ్ళకి తెలుసు. కొలతలకి వేరే మనిషిని చూడమని ఒకరికి చెప్పాను కూడా."

చిన్నకోడలు మామగారి వైపు చూసింది. ఆయన ముద్ద కలుపుతున్నాడు. కలుపుతూనే ఉన్నాడు.

"వేరే మనిషిని చూడమనడానికి నేనేం చేశానో చెప్పండి బావగారూ."

"తెరిచిందీ చాలక బుకాయిస్తున్నావు. అది చాలదా?"

ఆమె భర్త వైపు తిరిగింది. "మీరేమంటారు?"

"అన్నయ్య కోపంలో ఉన్నాడు."

"అన్నయ్య సంగతి అడగలేదు. మీరు."

"తింటున్నాను కదా," అన్నాడు అతను.

అత్తగారు ఎవరూ అడక్కుండానే పెద్దాయన పళ్ళెంలో ఇంకాస్త అన్నం వేసింది. చిన్నకోడలు నీళ్ళగ్లాసు దగ్గరికి జరిపి, ఆయన కళ్ళలోకే చూస్తూ ఆగింది. పెద్దాయన గ్లాసు రెండు చేతులా ఎత్తి తాగాడు. దించాడు. గొంతు సవరించుకున్నాడు.

"కూరలో కాస్త ఉప్పు తగ్గింది," అన్నాడు.

చిన్నకోడలు లేచి చెయ్యి కడుక్కుంది. సగం పళ్ళెం అలాగే ఉండిపోయింది.

కిందకి దిగి బల్ల దగ్గర కూర్చుని తన ఫోన్ తీసింది. అందులో ఎవరెవరు ఎప్పుడు కొలతలకి రావాలో చెప్పడానికి పెట్టుకున్న మూడొందల పైచిలుకు నంబర్లున్నాయి. మొదటి నంబరు నొక్కింది. లారీ గుద్ది కాలు పోయిన కూరగాయల వ్యాపారి.

"నమస్కారమండీ, కాళ్ళ వర్క్‌షాపు నుంచి. మా పేరుతో మీకేమైనా మెయిలొస్తే తెరవకండి. అది మేం పంపింది కాదు. మా మెయిలు దొంగల చేతిలో పడింది. అవునండీ. ఫొటోలు కూడా. క్షమించండి. లేదండీ, ఏం దాచడం లేదు, అందుకే చేస్తున్నాను."

అవతల్నుంచి నాలుగు చీవాట్లు పడ్డాయి. ఆమె విన్నది. పెట్టేసి రెండో నంబరు నొక్కింది. మూడోది. నాలుగోదాంట్లో ఉండగా పెద్దకొడుకు మెట్లు దిగాడు. వెనకాల ఆమె భర్త.

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

ఆమె వేలెత్తి ఆగమని సైగ చేసి మాట పూర్తిచేసింది.

"నిన్నే అడుగుతున్నాను. ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెయ్యమనలేదు. పొద్దున ఆవిడ చెప్పింది మీరూ విన్నారు. ఇవన్నీ మనల్ని నమ్మి బట్ట తొలగించి తియ్యనిచ్చిన ఫొటోలు. కాలు లేదని ఇంట్లోవాళ్ళకి తప్ప తెలియనివాళ్ళున్నారు ఇందులో."

"ఇంకొక్క ఫోన్ చేశావంటే ఈ గుమ్మంలోకి మళ్ళీ పనికి రావక్కర్లేదు."

"సరే. ఇవి పూర్తిచేసి వెళ్ళిపోతాను."

"ఎందుకే గొడవ, ఆపెయ్యి," అన్నాడు భర్త మెల్లిగా. "రెండు రోజులాగితే అన్నీ సర్దుకుంటాయి."

"మీరు ఆగండి. మీకు అలవాటే," అంది ఆమె. అతని మొహం మాడిపోయింది. ఆమె ఐదో నంబరు నొక్కింది.

పెద్దకొడుకు చెయ్యి చాచి ఫోన్ లాక్కోబోయాడు. ఆమె కుర్చీ వెనక్కి తోసి నిలబడింది. ఇద్దరి మధ్యా బల్లమీద ఉన్న తడి ప్లాస్టర్ అచ్చు దొర్లి కింద పడింది. రెండు ముక్కలైంది.

ఎవరూ వంగి తియ్యలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పెద్దాయన. ఒక చెయ్యి మెట్ల కటకటాల మీద, ఇంకో చేతిలో ఆయన పాత మొబైల్. ఆయన వెనకే అత్తగారు కొంగు నడుముకి దోపుకుని, "వద్దండీ, వద్దంటున్నాను, పైకి రండి," అంటూ వస్తోంది. ఆయన వినిపించుకోలేదు. చెవి మందమే, కానీ ఇది ఆ వినబడకపోవడం కాదు.

ఆయన వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ఎర్రతెరల ముందు.

"నాన్నా, నువ్వెందుకు దిగావు? పైకెళ్ళు."

పెద్దాయన ఒక్కో అంకె చూసి చూసి నొక్కాడు. ఆ నంబరు ఆయనకి నోటికొచ్చు. తొమ్మిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు మొదటి కాలు పెట్టించుకుంది ఆ అమ్మాయి. ఇప్పుడు స్కూలు ఆఫీసులో క్లర్కు. ఆయన ఎప్పుడూ స్పీకరు మీదే మాట్లాడతాడు. ఫోన్ మోగడం అందరికీ వినబడింది.

"తాతగారూ, మీరా?" అంది అవతలి గొంతు.

"నేనేనమ్మా. ఒక్క మాట చెబుతాను, అడ్డురాకు. మధ్యలో ఆగితే మళ్ళీ చెప్పలేను. మా షాపు పేరుతో నీకు మెయిలొస్తే తెరవకు. మా మెయిలు దొంగల చేతిలో పడింది. పెట్టింది నేనే. సన్మానం చేస్తామంటే నమ్మి తాళం ఇచ్చేశాను. మా చిన్నకోడలు కాదు. నేను."

పెద్దకొడుకు తల్లి వైపు చూశాడు. ఆవిడ గోడ వైపు చూసింది. అప్పుడతనికి అంతా అర్థమైంది. చిన్నకొడుకు వంగి, పగిలిన అచ్చు ముక్కలు రెండూ ఏరడం మొదలుపెట్టాడు. భార్య మొహం చూడలేదు.

చిన్నకోడలికి ఏడుపొస్తుందేమో అనిపించింది. రాలేదు. ఇంత ఆలస్యంగానా, అని మాత్రం అనిపించింది.

పెద్దాయన ఫోన్ దగ్గరికి వంగాడు.

"అమ్మా, విన్నావా?"

"విన్నాను తాతగారూ. కానీ నిన్ననే తెరిచేశాను."

పెద్దాయన ఫోన్‌ని రెండో చేత్తో కూడా పట్టుకున్నాడు.

"కొత్త కాలికి తేదీ ఇచ్చాం, ఫారం తెరిచి చూసుకోండి, అని వచ్చింది. ఎప్పుడూ ఫోన్ చేసేవాళ్ళు మెయిలెందుకు పెట్టారా అని అనుమానం వచ్చింది. అందుకే తెరిచేముందు షాపుకి ఫోన్ చేశాను. మీ పెద్దబ్బాయిగారు ఎత్తారు. అడిగాను. మేమే పంపామమ్మా, ఏం ఫరవాలేదు, తెరుచుకో, అన్నారు."

చిన్నకొడుకు ఏరుతున్న ముక్క అలాగే పట్టుకుని తల ఎత్తాడు.

"నిన్ననా?" అంది చిన్నకోడలు. ఫోనుకి కాదు. బావగారికి.

నిన్నటికి రెండు తెరలూ ఎర్రగానే ఉన్నాయి. షాపులోంచి ఎవరూ ఎవరికీ ఒక్క మెయిలు కూడా పంపగల స్థితిలో లేరు. ఆ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు అతనే.

"పరువు పోతుందని..." అన్నాడు పెద్దకొడుకు. "ఒక్కత్తే కదా అనుకున్నాను."

"ఆఫీసు కంప్యూటర్లో తెరిచాను తాతగారూ," అంటోంది అవతలి గొంతు, ఇంకా మర్యాదగానే. "ఇక్కడివీ పాతవే. పొద్దున వచ్చేసరికి స్కూల్లో అన్నీ ఎర్రగా ఉన్నాయి. పిల్లల వివరాలన్నీ అందులోనే. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తామంటున్నారు. నేను షాపువాళ్ళని అడిగే తెరిచానంటే ఎవరూ నమ్మడం లేదు. మా హెడ్మిస్ట్రెస్‌గారు ఇక్కడే ఉన్నారు. మీ పెద్దబ్బాయిగారిని ఒక్కసారి ఇస్తారా? నిన్న నాతో అన్న మాట మేడమ్‌తో చెబితే చాలు."

పెద్దాయన కూర్చున్న చోటినుంచే ఫోన్ పెద్దకొడుకు వైపు చాచాడు. చాచిన చెయ్యి మోచేతి దాకా ఊగుతోంది. దాన్ని దాచుకునే ప్రయత్నం ఆయన ఇప్పుడు చెయ్యలేదు.

"తీసుకో," అన్నాడు.

పెద్దకొడుకు రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు.

ఫోన్లో కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరో ఎవరి చేతిలోంచో ఏదో అందుకున్న చప్పుడు వినబడ్డాయి.

"హలో," అంది ఒక గొంతు. క్లర్కు గొంతు కాదది. "లైన్లో ఉన్నదెవరండీ?"